అనంతపురంలో కంప్యూటర్ కోర్సు ఎంచుకోవాలంటే ముందు కుర్చీ చూడండి

లెక్కలు మూసే మార్చి నెలలో ఒక అబ్బాయి మా ఆఫీసుకు ఉద్యోగానికి వచ్చాడు. మాది జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసే చిన్న ఆఫీసు. అతను బీకాం పాసయ్యాడు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న సర్టిఫికెట్ తీసి చూపించాడు. ఎమ్మెస్ ఆఫీస్ 'ఏ' గ్రేడ్, వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో 'ఏ ప్లస్'. నూనె మిల్లు వాళ్ల కొనుగోలు బిల్లులు ఇరవై ఇచ్చి, "ఇవి ఎక్సెల్‌లో ఎక్కించి మొత్తం ఎంతయిందో చెప్పప్పా" అన్నాను. టైపింగ్ బాగానే చేశాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, క్యాలిక్యులేటర్‌లో ఒక్కో అంకె కొట్టి కూడి, వచ్చిన మొత్తాన్ని కింది గడిలో టైపు చేశాడు!

అతన్ని తప్పుబట్టలేను. ఆరు నెలలు ఫీజు కట్టించుకున్నవాళ్లు ఎక్సెల్ మెనూలో ఏ బటన్ ఎక్కడుందో చెప్పారు కానీ, ఇరవై బిల్లులు చేతికిచ్చి కూర్చోబెట్టలేదు. నా కథ కూడా ఇంతకంటే గొప్పదేం కాదు. 2008లో డిగ్రీ అవ్వగానే నేనూ ఒక సెంటర్లో చేరాను. సీ, సీ ప్లస్ ప్లస్, ఒరాకిల్, వెబ్ డిజైనింగ్, ట్యాలీ అన్నీ కలిపి ఆరు నెలల్లో అన్నారు. ఒక్కో సిస్టమ్‌కు ముగ్గురం. మౌస్ మధ్యలో కూర్చున్నవాడిది, పక్కన ఉన్న ఇద్దరం నోట్స్ రాసుకునేవాళ్లం. కరెంటు పోతే ఆ రోజుకు క్లాసు అయిపోయినట్టే. అప్పు చేసి కట్టిన ఆ డబ్బుకు నాకు మిగిలింది ఆ నోట్‌బుక్కే.

ఆ రెండు వైపులా కూర్చుని చూసినవాడిగా చెబుతున్నాను. మీరైతే ఇలా మొదలుపెట్టండి.

కోర్సు పేరు పక్కన పెట్టి, కుర్చీ వెతకండి

"ఏ కోర్సు చేస్తే మంచిదన్నా?" అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. "ఏ కుర్చీలో కూర్చుంటావు?" అని తిరిగి అడగాలి. బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాసే కుర్చీ, సాయినగర్ ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ కుర్చీ, కలెక్టరేట్ దగ్గర డీటీపీ షాపులో కుర్చీ, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్చీ, గవర్నమెంటు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ కుర్చీ. ఒక్కోదాని ముందున్న స్క్రీన్ మీద ఒక్కో రకం పని నడుస్తూ ఉంటుంది.

దీనికి రెండు మధ్యాహ్నాలు చాలు. మూడు గంటల ప్రాంతంలో, బేరాలు తగ్గాక, చిన్న నోట్‌బుక్ పట్టుకుని సుభాష్ రోడ్డులోనో టవర్ క్లాక్ చుట్టుపక్కలో నాలుగైదు చోట్లకు వెళ్లండి. తెలిసినవాళ్లుంటే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. రెండే ప్రశ్నలు అడగండి. "అన్నా, మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?" "కొత్తగా చేరినోళ్లకు ఏం రాక మీరు ఇబ్బంది పడతారు?" మొదటి ప్రశ్నకు ముక్తసరిగా జవాబొస్తుంది. రెండోదానికి మాత్రం ఓనర్లు పావుగంట మాట్లాడతారు, ఎందుకంటే అది వాళ్ల కడుపుమంట. మీ సిలబస్ ఆ పావుగంటలో ఉంటుంది.

దాంతో పాటు పేపర్లో, జాబ్ యాప్‌లలో మీ చదువుకు సరిపోయే ప్రకటనలు ఒక పది తీసుకుని, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకోండి. 'ఎక్సెల్' ఎనిమిదిసార్లు, 'ఫొటోషాప్' ఒక్కసారి కనిపిస్తే మీ ఫీజు ఎటు వెళ్లాలో తేలిపోతుంది.

లెక్కల కుర్చీ

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నాకు బాగా తెలిసింది ఇదే, బీకాం చేసినవాళ్లకు మన ఊర్లో దొరికేదీ ఎక్కువగా ఇదే.

ట్యాలీ నేర్పుతాం అని ప్రతి బోర్డు మీదా ఉంటుంది. పేమెంట్‌కు ఎఫ్5, రిసీట్‌కు ఎఫ్6, సేల్స్‌కు ఎఫ్8, పర్చేజ్‌కు ఎఫ్9 అని వారంలో నేర్చుకోవచ్చు. ఆఫీసులో అసలు పని అక్కడ మొదలవుతుంది. మన వ్యాపారులు సరుకు బళ్లారి నుంచి, బెంగళూరు నుంచి తెస్తారు. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 29తో మొదలైతే కర్ణాటక, 37తో మొదలైతే మన రాష్ట్రం. అక్కడి సరుకు ఇక్కడికి వస్తే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను) ఉండాలి, ఇక్కడే కొని ఇక్కడే అమ్మితే కేంద్రం, రాష్ట్రం పంచుకునే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఈ తేడా కంటితో పట్టుకోలేని మనిషి ఎన్ని షార్ట్‌కట్ కీలు బట్టీ పట్టినా లాభం లేదు.

నెల తిరిగేసరికి ఇంకో పని ఉంటుంది. అమ్మినవాళ్లు తమ రిటర్ను వేస్తే, ఆ బిల్లులు 14వ తేదీన మన వ్యాపారి పోర్టల్‌లో 2బీ అనే పట్టికలో కనిపిస్తాయి. పుస్తకంలో రాసుకున్న కొనుగోళ్లు ఒకవైపు, 2బీ ఇంకోవైపు పెట్టి ఏ బిల్లు ఎక్కడ తప్పిపోయిందో పట్టుకోవాలి. 2బీలో లేని బిల్లుకు పన్ను క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) రాదు, ఆ డబ్బు షావుకారు జేబులోంచి పోతుంది. 20వ తేదీలోపు 3బీ అనే నెలవారీ రిటర్ను వెయ్యాలి. మధ్యలో ఉన్నవి ఆరు రోజులు. ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక పట్టికలోది ఇంకో పట్టికలో వెతికిపెట్టే సూత్రం) వచ్చినవాడు రెండు వందల బిల్లులను అరగంటలో పోల్చేస్తాడు. రానివాడు స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ రాత్రి తొమ్మిదైనా ఇంటికి పోడు.

అందుకే ట్యాలీ కోర్సు చూసేటప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "ఒక నెల కొనుగోళ్లను 2బీతో పోల్చి చూపిస్తారా?" సార్ నవ్వి "అది మీరు జాబ్‌లో నేర్చుకుంటారులే" అంటే దండం పెట్టి బయటికి రండి. "ఆ, మూడో నెలలో చేయిస్తాం, పాత డేటా ఉంది" అంటే కూర్చోండి. బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాన్ని సరిచూడటం, టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను), జీతాల పట్టిక కూడా ఉన్నాయా అని అడగండి. ఇదంతా రోజుకు రెండు గంటల లెక్కన మూడు నెలల పని. ఏడాది కోర్సు అక్కర్లేదు.

ఇంకో చిన్న గుర్తు. డెమోకు వెళ్లినప్పుడు ట్యాలీ స్క్రీన్ మీద ఎడ్యుకేషనల్ అనే మాట ఉందేమో చూడండి. అది లైసెన్సు లేకుండా నేర్చుకోవడానికి కంపెనీ ఇచ్చే మోడ్. తప్పేం లేదు, ఇంట్లో సాధనకు మీరూ అదే వాడుకోవచ్చు. కానీ అందులో నెలలో 1, 2, 31 లాంటి రెండు మూడు తేదీలకే ఎంట్రీ పడుతుంది. సెంటర్లో కూడా అదొక్కటే ఉంటే, నెల మొత్తం రోజువారీగా పుస్తకం రాయడం ఎలా ఉంటుందో మీకు తెలియకుండానే కోర్సు అయిపోతుంది.

కియా ఫ్యాక్టరీ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో స్టోర్ ఉద్యోగాల మీద మనసుంటే ట్యాలీ కంటే ఎక్సెల్‌కే ఎక్కువ గంటలు పెట్టండి.

డీటీపీ కుర్చీ

పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు. జీతం పెద్దగా ఉండదు కానీ పని ఆగదు, సొంతంగా షాపు పెట్టుకునే దారీ ఇదే. ఫొటోషాప్, కోరల్‌డ్రా ఎవరైనా నేర్పుతారు. తెలుగు టైపింగ్ దగ్గరే తేడా కనిపిస్తుంది. మన షాపుల్లో ఇంకా అను ఫాంట్లే రాజ్యమేలుతున్నాయి. వాటిలో 'అ' అనేది నిజానికి తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరం చోట కూర్చున్న బొమ్మ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిచినా, వాట్సాప్‌లో పంపినా పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టింది ఎక్కడైనా తెలుగులాగే కనిపిస్తుంది. ఫ్లెక్సీ షాపుకు అను కావాలి, ఆఫీసులకూ వెబ్‌సైట్లకూ యూనికోడ్ కావాలి. రెండూ నేర్పి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాక ఒత్తులు చెదిరితే ఎలా సరిచేయాలో కూడా చూపించే చోటే చేరండి. డెమోలో 'స్వాతంత్ర్యం', 'రాష్ట్రోపాధ్యాయ' అనే రెండు మాటలు కొట్టి చూపించమనండి. సార్ చెయ్యి తడబడిందంటే మీకే తెలిసిపోతుంది.

గవర్నమెంటు కుర్చీ

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. "ఈ సర్టిఫికెట్ ఉంటే గవర్నమెంటు జాబుకు వెయిటేజీ" అని చెబితే, ఏ నోటిఫికేషన్లో ఉందో పేరా చూపించమనండి. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో మెయిన్స్ తర్వాత కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంటుంది. అది పాసైతే చాలు, ర్యాంకుకు ఆ మార్కులు కలపరు. దానికి కావలసింది పని రావడం. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌లో గుమాస్తా పోస్టులకు ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాల వేగం అడుగుతారు. అక్కడా సర్టిఫికెట్ చూడరు, కీబోర్డు ముందు కూర్చోబెట్టి పది నిమిషాలు కొట్టిస్తారు. కోర్టుల్లో టైపిస్టు లాంటి పోస్టులకు మాత్రం సాంకేతిక విద్యా మండలి నిర్వహించే టైప్‌రైటింగ్ పరీక్ష పాసై ఉండాలి. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఖటఖటలాడే పాత టైప్ ఇన్‌స్టిట్యూట్లే దిక్కు. కంప్యూటర్ సెంటర్ ఇచ్చే టైపింగ్ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు.

గుర్తింపు ఉన్న కాగితమే కావాలంటే రెండు చెబుతాను. ఒకటి, కేంద్ర ఐటీ శాఖ కింద ఉన్న నీలిట్ నిర్వహించే సీసీసీ అనే కంప్యూటర్ పరీక్ష. 80 గంటల కోర్సు, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. సెంటర్లో చేరకుండా నేరుగా మీరే ఆన్‌లైన్లో దరఖాస్తు చేసి రాయొచ్చు. పరీక్ష ఫీజు 500, దాని మీద జీఎస్టీ. ఇంత చిన్న పరీక్షకు ఎవరైనా వేలకు వేలు అడిగితే అది వాళ్ల శిక్షణ ఫీజు అని గుర్తుంచుకోండి. రెండోది, ఐటీఐలో కోపా అనే ఏడాది కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్. పది పాసైనవాళ్లు చేరొచ్చు. ఇంటర్ మధ్యలో ఆగిపోయినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

సాఫ్ట్‌వేర్ కుర్చీ

దీని గురించి చెప్పేవాళ్లు ఎక్కువ కాబట్టి క్లుప్తంగా. పైథాన్, జావా, టెస్టింగ్, ఏదైనా సరే, అమీర్‌పేటకో బెంగళూరుకో పెట్టె సర్దుకునే ముందు నెల రోజులు ఇంట్లోనే ఉచితంగా మొదలుపెట్టండి. ఆన్‌లైన్ చదువు వేదికలు స్వయం, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. నెల రోజులు రోజూ రెండు గంటలు కూర్చోగలిగారంటే హాస్టల్ ఖర్చు పెట్టండి. పదో రోజుకే లేచిపోయారంటే మీకు లక్ష రూపాయలు మిగిలాయి, కోపం తెచ్చుకోవద్దు.

ఇంకో మాట. "డబ్బు కట్టండి, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ మేం పెట్టిస్తాం" అనేవాళ్లు తగులుతారు. కంపెనీలు మీ పీఎఫ్ ఖాతాలో ఏ నెల ఎవరు డబ్బు జమచేశారో చూస్తాయి. దొంగ అనుభవం బయటపడితే పోయేది ఆ ఉద్యోగమొక్కటే కాదు, మీ పేరు కూడా.

ఫీజు కట్టే ముందు ఉచితంగా దొరికేది చూడండి

రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాలు, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కేంద్రాలు ఫీజు తీసుకోవు. పల్లెల యువతకు డీడీయూ-జీకేవై అనే కేంద్ర పథకం కింద వసతితో కలిపి శిక్షణ ఉంటుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కంప్యూటర్ అకౌంటింగ్, డీటీపీ బ్యాచ్‌లు పెడుతుంటారు, భోజనం కూడా వాళ్లదే. ఏ బ్యాచ్ ఎప్పుడో మీ గ్రామ సచివాలయంలోనూ, వెలుగు ఆఫీసులోనూ అడగండి. ఒకసారి అడిగి వదిలేస్తే లాభం లేదు, వారానికోసారి ఫోన్ చెయ్యాలి. ఉచితం కదా అని నాసిరకం అనుకోవద్దు, ఉచితం కదా అని కళ్లు మూసుకుని చేరనూ వద్దు. కింద చెప్పే పరీక్షలు వాటికీ పెట్టండి.

ఇంగ్లిష్ అంటే బెరుకున్నవాళ్లకు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగులోనే పాఠాలు దొరుకుతాయి. ఒక పాఠం పది నిమిషాల ముచ్చట. ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చేసుకోవచ్చు.

సెంటర్‌కు వెళ్లి చూడాల్సినవి

కౌన్సెలర్ కూర్చున్న ఏసీ గదిలో ఏమీ తెలియదు. ల్యాబ్ చూపించమనండి, అదీ క్లాసు నడుస్తున్నప్పుడు. ఒక్కో సిస్టమ్ ముందు ఎంతమంది? కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే నాకు సంతోషం, అక్కడ ఎవరో పని చేస్తున్నారన్నమాట. కవర్లు కప్పి, అగరబత్తి వెలిగించి ఉన్న ల్యాబ్ అంటేనే నాకు భయం. సార్ బోర్డు మీద రాస్తున్నాడా, పిల్లల వెనక నిలబడి వాళ్ల స్క్రీన్ చూస్తున్నాడా? బయటికొచ్చే పిల్లల్ని మెట్ల దగ్గర ఆపి, "సార్ ఎన్నాళ్ల నుంచి ఉన్నాడు?" అని అడగండి. నెలకో సార్ మారుతుంటే సిలబస్ సగంలోనే నిలిచిపోతుంది.

తాడిపత్రి, ధర్మవరం, గుత్తి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు బ్యాచ్ టైముకు ముందు చివరి బస్సు టైము చూసుకోండి. ఆరున్నర బ్యాచ్‌లో చేరి ఎనిమిదింటి బస్సు కోసం రోజూ చివరి ఇరవై నిమిషాలు వదులుకునే అమ్మాయిల్ని చూశాను. సాధన చేయించేది ఆ ఇరవై నిమిషాల్లోనే.

బోర్డు మీద మాటలకు అర్థం

'ఐఎస్‌ఓ సర్టిఫైడ్' అంటే ఆఫీసు నడిపే పద్ధతికి ఎవరో ఇచ్చిన ధ్రువపత్రం. మీ కోర్సుకు గుర్తింపు కాదు. 'భారత ప్రభుత్వ ఎంఎస్‌ఎంఈ రిజిస్టర్డ్' అంటే చిన్న వ్యాపారంగా నమోదైందని, అది ఇంకా చిన్న సంగతి. బజ్జీల బండి అయినా, టైలర్ షాపయినా ఆధార్‌తో ఉచితంగా ఆ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. సింహాల ముద్ర, ఢిల్లీ అడ్రస్ చూసి మోసపోవద్దు.

అన్నిటికంటే వింత 'పీజీడీసీఏ'. పేరులోనే పోస్ట్ గ్రాడ్యుయేట్ అని ఉంది. యూనివర్సిటీ ఇచ్చేది డిగ్రీ అయ్యాక చేసే ఏడాది డిప్లొమా. ఇంటర్ ఫెయిలైన పిల్లాడికి కూడా ఆరు నెలల్లో పీజీడీసీఏ ఇచ్చేస్తున్నారంటే ఆ కాగితం విలువెంతో వేరే చెప్పాలా? అడగాల్సింది ఒక్కటే: "సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది, నంబరు కొట్టి ఏ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు?" వాళ్ల సొంత వెబ్‌సైటే చూపిస్తే అది సెంటర్ సర్టిఫికెట్. పని నేర్పేటట్లయితే దానికీ చేరొచ్చు, కాకపోతే పని కోసం చేరుతున్నామని తెలిసి చేరండి.

డబ్బు దగ్గర

మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. ఆశపడొద్దు, నెలనెలా కట్టండి. తగ్గింపు పోయినా, చేతిలో పగ్గం మీ దగ్గరుంటుంది. నా 2008 ఫీజు మొత్తం మొదటి రోజే కట్టేశాను, రెండో నెలలో సార్ మారాక అడిగే దిక్కు లేకుండా పోయింది. రసీదు తప్పనిసరి. 18 శాతం జీఎస్టీ కలిపి తీసుకుంటే రసీదు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే సంస్థ పేరు వస్తుంది. నంబరు లేకుండా జీఎస్టీ తీసుకునేవాళ్ల దగ్గర లెక్కల కోర్సు నేర్చుకోవడం కంటే నవ్వులాట లేదు. మధ్యలో మానేస్తే డబ్బు వాపసు సంగతి రసీదు వెనకైనా రాయించుకోండి. గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

'వంద శాతం ప్లేస్‌మెంట్' అన్నవాళ్లను కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ముగ్గురి నంబర్లు అడగండి. గోడమీద ఫొటోలు కాదు, నంబర్లు.

చేరాక

క్లాసులో ఒక గంట నేర్చుకుంటే ఇంట్లోనో, నెట్ సెంటర్లోనో ఇంకో గంట చెయ్యాలి. చెయ్యడానికి పని ఎక్కడిది అంటారా? మీ వీధి కిరాణా కొట్టు వాళ్లను అడిగి ఒక నెల బిల్లులు తెచ్చుకోండి. మీ ఇంటి కరెంటు బిల్లులు, నాన్న వేరుశనగ పంట ఖర్చులు, అక్క పెళ్లి కానుకల పుస్తకం, ఏదైనా సరే, ఎక్సెల్‌లో ఎక్కించి మొత్తాలు సూత్రంతో తీయండి. ఆ ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ కవర్‌తో పాటు ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, "సార్, ఇవి నేను చేసినవి" అని తెరిచి చూపించండి.

ఫోన్ క్యాలిక్యులేటర్ అబ్బాయి నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. వాళ్ల మామ ఎరువుల షాపు కొనుగోళ్లు ఒక షీటు, 2బీ ఒక షీటు, మూడో షీటులో తేలని బిల్లులు ఏడు, పసుపు రంగు పూసి. అందులో రెండు నిజానికి కలిసే ఉన్నాయి. బిల్లు నంబరు ముందు ఒక ఖాళీ జాగా పడటంతో వీలుకప్‌కు దొరకలేదు. అది చూపిస్తే "అయ్యో, స్పేసా అన్నా!" అని తల పట్టుకున్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాను.

మీరూ రావాలనుకుంటే మాలాంటి ఆఫీసులకు రిటర్నుల గడువులైన 11వ తేదీకీ 20వ తేదీకీ ముందు రెండు రోజులు మాత్రం రావద్దు, తల ఎత్తి కూడా చూడం. 21న రండి, టీ తాగి తీరిగ్గా మాట్లాడుకుందాం.